జల్‌పల్లి దారి, మూడు వందల నలభై చుట్లు

ఆదివారం పొద్దున ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్ ముందు పది పన్నెండు సైకిళ్ళు ఆగుతుంటాయి. మా కాలపు నల్ల సైకిళ్ళు కావు, గేర్లవి. వాటి మీద వచ్చేవాళ్ళు ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు. వారమంతా కుర్చీల్లో కూర్చుని, ఆదివారం ఒళ్ళు వంచుదామని బయల్దేరతారు. నేను అక్కడ రోజూ చాయ్ తాగుతాను కాబట్టి ముఖపరిచయం అయింది. సర్వే పనిలో రిటైరయ్యానని తెలిసి వాళ్ళలో ఒక అమ్మాయి మొన్న అడిగింది.

"అంకుల్, సైకిల్ హ్యాండిల్‌కి పెట్టుకునే జీపీఎస్ కొందామనుకుంటున్నా. రోడ్డు మీదా పనికిరావాలి, రోడ్డు లేని చోటా పనికిరావాలి. ఏది మంచిది? మ్యాప్ ఏది వేయించుకోవాలి?"

రెండు నిమిషాల్లో చెప్పగల జవాబే. కానీ "రాసిస్తాలేమ్మా" అని లేచి వచ్చాను. ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను. ఇది ఆ రాసిచ్చింది. జవాబు ఇందులోనే ఉంది, కాస్త ఓపిక పట్టాలి.

నేను కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి ఉప్పుగూడలో స్థిరపడ్డవాణ్ణి. నక్షాలు తయారుచేసే ఒక కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. మా సెక్షన్ పని పాతబస్తీ షీట్లనీ, దానికి దక్షిణాన ఉన్న ఊళ్ళ షీట్లనీ సవరించడం. కొత్తగా లేచిన గోడ, పూడిపోయిన కుంట, తెరుచుకున్న గల్లీ, ఇవన్నీ నేల మీద చూసి కాగితం మీద దింపాలి. ఆఫీసుకు జీపు ఒకటి ఉండేది గాని అది ఎప్పుడూ ఆఫీసర్లకే సరిపోయేది కాదు. కాబట్టి మేం సైకిళ్ళ మీదే తిరిగేవాళ్ళం. మేం అంటే నేనూ, మా చైన్‌మనూ.

చైన్‌మన్ అంటే కొలత గొలుసు పట్టుకునే మనిషి. ఆఫీసు కాగితాల్లో అందరికంటే కింది పేరు ఆయనది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. గౌలిపురలో పాల కుటుంబం. తమ్ముడు గేదెల్ని చూసుకునేవాడు, ఈయన సర్కారు నౌకరీలో పడ్డాడు. ఊరు పెరిగినకొద్దీ వాళ్ళ గేదెల కొట్టాలు దక్షిణానికి జరుగుతూ జరుగుతూ జల్‌పల్లి దగ్గరికి చేరాయి. నేను "గేదెలు" అంటే ఆయనకు నవ్వు. "గేదె అంటే మా బర్రె ఎన్కకు తిరిగి సుత చూడదు సారూ" అనేవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు. కోపం వచ్చిన రోజున మాత్రం డైరీ సారు అనేవాడు.

తొంభైల్లో మేం దూరాలు కొలిచిన పద్ధతి ఏ పుస్తకంలోనూ ఉండదు. గొలుసు వేయడం మెయిన్ రోడ్ల మీద కుదురుతుంది. గల్లీల్లో, పొలాల మధ్య, ఇద్దరు మనుషులతో ఎక్కడ కుదురుతుంది? ఆయన తన సైకిల్ ముందు చక్రం పుల్లకు ఒక ఎర్రగుడ్డ ముక్క గట్టిగా ముడివేసి, ఫోర్కుకు ఒక రేకు ముక్క బిగించాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే గుడ్డముడి రేకుకు తగిలి టక్కుమనేది. ఒక చుట్టుకు ఏడడుగుల నాలుగంగుళాలు. ఆయన ముందు తొక్కుతూ టక్కులు లెక్కపెట్టేవాడు. వంద కాగానే వెనక్కి తిరక్కుండానే "సౌ!" అని కేకవేసేవాడు. వెనక వస్తున్న నేను ఆగి, దిక్సూచితో దిక్కు చూసి, పుస్తకంలో గీత పెట్టుకునేవాణ్ణి. సాయంత్రం ఆఫీసులో గొలుసు కొలతలతో సరిచూస్తే వంద గజాలకు గజం కూడా తేడా వచ్చేది కాదు. ఆయన అంకెలు ఉర్దూలో లెక్కపెట్టేవాడు, తిట్లు తెలుగులో తిట్టేవాడు. గల్లీలో ఎవరైనా అడ్డం వస్తే లెక్క తప్పకుండా మధ్యలోనే ఒక తిట్టు తిట్టి మళ్ళీ అదే అంకె నుంచి అందుకునేవాడు. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

చలికాలంలో ఒకరోజు పని త్వరగా అయిపోయింది. "సారూ, మా బర్రెలు చెర్వుకు పోయే తొవ్వ సూపిస్త రాండ్రి" అన్నాడు. అది మా షీటులోని పని కాదు. అయినా పోయాం. కొట్టాలు దాటాక ఒక రాతి బావి ఉంది. బావి నుంచి దారి తిన్నగా పోదు. కాస్త తూర్పుకు పోయి, మెత్తటి నేలను తప్పించుకుని పడమరకు వంగి, ఒక పరుపు బండ మీదుగా మళ్ళీ తిరిగి, ఏనుగంత రాతిగుండు పక్కగా సాగి, జల్‌పల్లి చెరువులో దిగుతుంది. ఆ పరుపు బండ మీద తరతరాల గిట్టలు పడి మూడడుగుల వెడల్పున నున్నటి కాలువలా అరిగింది. ఎండ పడితే అద్దంలా మెరిసేది.

అలవాటుకొద్దీ ఆయన లెక్కపెట్టాడు, నేను రాసుకున్నాను. ఆఫీసు పుస్తకంలో కాదు, నా డైరీలో. గుండు నీడలో ఆగాం. ఆయన భార్య కట్టిచ్చిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తీశాడు. ముందుండే గేదె ఒక్కటి దారి తెలిసినదైతే చాలని, అది ముసలిదైతే దాని పక్కన ఇంకా ఈనని ఒక పడ్డను నడిపించి దారి నేర్పుతారని చెప్పాడు. "మనిషి లేకున్నా పోతయి సారూ. తొవ్వ ఆటి కాళ్ళల్ల ఉంటది." చెరువు మీద కొంగలు వాలుతున్నాయి. ఇద్దరికీ లేవబుద్ధి కాలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని, ఇక చాలు పోదామని వెనక్కి వచ్చేశాం. ఆ రోజు డైరీలో చివరి వాక్యం, "బావి నుంచి గుండు వరకు 340. మిగతా దారి రేపు."

మర్నాడు ఇంకో షీటు పని తగిలింది. ఆ రేపు రాలేదు. దాని సంగతి నేనూ మర్చిపోయాను, ఆయనా మర్చిపోయాడు.

రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకు మా సెక్షనుకు కొత్త ఆఫీసరు వచ్చారు. మాకంటే చాలా చిన్నావిడ, చురుకైన మనిషి. గొలుసులు, దిక్సూచులు అటక ఎక్కాలన్నారు. సైకిల్ హ్యాండిల్‌కి బిగించుకునే జీపీఎస్ యంత్రాలు కొనాలి, ఏది కొనాలో పరీక్షించి చెప్పాలి. ఆ బాధ్యత నాకు అప్పగించారు. నా పద్ధతి, నా డైరీలు చూసే అప్పగించారు. నాకు గర్వంగా ఉండింది, దాచుకోవడం ఎందుకు?

అమ్మేవాళ్ళు రెండు రకాలు ఇచ్చారు. ఒకటి రంగుల తెరది. అందులో హైదరాబాద్ రోడ్ల మ్యాపు ముందే వేసి ఉంది. మనం తొక్కుతుంటే ఒక బాణం గుర్తు రోడ్డు వెంబడి కదులుతుంది. రెండోది బూడిదరంగు తెర. మ్యాపు లేదు, ఖాళీ. మనం వెళ్ళిన దారి ముగ్గు చుక్కల్లా వెనక పడుతూ వస్తుంది, అంతే. రెండింటినీ అన్న సైకిల్ హ్యాండిల్‌కి చెరో పక్క బిగించి మూడు రోజులు తిరిగాం. నేను గళ్ళు గీసి పదికి ఇన్ని అని మార్కులు వేశాను. ఎండలో తెర కనిపించడం, గతుకుల్లో బిగింపు వదులవకపోవడం, బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చింది, చెమట చేతులతో బటన్లు నొక్కగలమా, ఇలా.

గౌలిపుర గల్లీల్లో బూడిద యంత్రం అల్లరి చేసింది. రెండు వైపులా మూడంతస్తుల గోడలుంటే ఆకాశం కనిపించేది జానెడు. ఉపగ్రహాల సంకేతం గోడలకు తగిలి చెదిరిపోతుంది. దాని చుక్కలు ఇళ్ళ మీదుగా, ఒకరి వంటింట్లోంచి ఇంకొకరి పెరట్లోకి దూకాయి. రంగుల యంత్రం బాణం మాత్రం గల్లీ నడిమధ్యన గీత గీసినట్టు నడిచింది. నేను సంబరపడి దానికి తొమ్మిది మార్కులు వేశాను.

అన్న సైకిల్ ఆపి, వంగి, రెండు తెరలూ చూశాడు. తర్వాత గల్లీ పక్కన ఒక మొండి ప్రహరీలోకి సైకిల్ నడిపించుకుని పోయి పది అడుగులు లోపల నిలబడ్డాడు.

"సారూ, జర ఇటు రాండ్రి. నేను యాడున్న?"

"ఆ ప్రహరీ లోపల."

"గీ డబ్బా ఇంకా గల్లీలనే ఉన్నవంటున్నది."

"పది అడుగుల తేడా ఉంటుందిలే అన్నా. అవతలిది చూడు, ఇళ్ళ మీద గెంతుతోంది."

"అది తాగినోని లెక్క తూలుతున్నది గని, అబద్ధమాడ్త లేదు. ఇది మనం యాడున్నమో చెప్త లేదు సారూ, యాడుండాల్నో చెప్తున్నది."

నాకు ఆ మాట భలే నచ్చింది. నవ్వుకుని డైరీలో రాసుకున్నాను కూడా. మంచి చమత్కారం అని పక్కన రాశాను. ఆయన చమత్కారానికి చెప్పలేదని తెలిసేసరికి ఏడాది పట్టింది.

రంగుల యంత్రమే కొన్నాం. బూడిదది తిరిగి ఇచ్చేశాం.

ఆ మరుసటి ఏడు జల్‌పల్లి వైపు షీట్ల సవరణ మొదలైంది. అక్కడ కొత్త కాలనీలకు లేఅవుట్లు పడుతున్నాయి. జనం నడిచే దారి, పశువులు పోయే దారి నేల మీద కనిపిస్తే మా షీటులో చుక్కల గీతగా వేయాలి. ఆ గీత ఉంటే లేఅవుట్ వేసేవాళ్ళు దానిని వదిలిపెట్టక తప్పదు. లేకపోతే అది ఖాళీ భూమి కిందే లెక్క. అన్న రిటైర్మెంటుకు వారం ఉంది. తన చివరి పనిగా గేదెల దారి కొలుద్దామన్నాడు. తమ్ముడి కొట్టంలో ముప్పై గేదెలు, పక్కవాళ్ళవి ఇంకో నలభై, అన్నింటికీ నీళ్ళూ మేతా ఆ చెరువు గట్టునే. దారి పోతే మంద అమ్ముకోవాల్సిందే. ఇది ఆయన నాకు అడుక్కున్నట్టు చెప్పలేదు. బావి దగ్గర సైకిల్ దిగి, జేబులోంచి ఎర్రగుడ్డ తీసి చక్రం పుల్లకు ముడివేస్తూ చెప్పాడు.

"ఇప్పుడెందుకన్నా ఆ గుడ్డ? యంత్రం ఉందిగా" అన్నాను.

"ఉండనియ్యి సారూ, గిది సుత ఉంటే ఏం పోతది?"

"రెండు లెక్కలైతే షీటులో ఏది వేయాలో తెలియక గందరగోళం. ఒకటి చాలు."

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. ముడి విప్పి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు సైకిల్ చప్పుడు లేకుండా నడిచింది. చెరువు దాకా పోయాం. ఎవరూ "సౌ" అనలేదు.

ఆఫీసులో యంత్రాన్ని కంప్యూటరుకు తగిలించి చూస్తే మేం తొక్కిన గీత సరిగ్గా తారురోడ్డు మీద పడి ఉంది. గేదెల దారికి రెండు మూడు వందల అడుగుల అవతల, మూడు నాలుగేళ్ళ కింద వేసిన రోడ్డు మీద. నేనేమనుకున్నానంటే, దారీ రోడ్డూ ఒకటే అయిపోయాయి కాబోలు, నాకే నేల మీద తేడా తెలియలేదు కాబోలు అనుకున్నాను. నా కళ్ళ కంటే తెరను నమ్మాను. రోడ్డు ఉండగా దాని మీదే మళ్ళీ చుక్కల గీత ఎందుకని వేయలేదు. సంతకం పెట్టాను. అన్నకు దండ వేసి, శాలువా కప్పి, ఫోటో దిగి పంపించాం.

రెండు నెలలకు ఒక పొద్దున ఆయన మా ఇంటి గుమ్మంలో ఉన్నాడు. చాయ్ కూడా ముట్టలేదు.

"సారూ, బావి కాడ జేసీబీలు దిగినయి. గుట్టమన్ను తెచ్చి పోసి సాపు చేస్తున్నరు. అడిగితే నక్షల తొవ్వ లేదంటున్నరు. మన గీత ఉన్నది గదా?"

"ఉంటుందన్నా, చెరువు దాకా కొలిచాం కదా" అన్నాను. రోడ్డే ఆ దారి అనుకుని చుక్కల గీత వేయని సంగతి ఆయనకు చెప్పలేదు.

"అయితే ఇంక ఫికర్ లేదు" అని అప్పుడు చాయ్ తాగాడు.

ఆఫీసుకు పోయి షీటు తీశాను. తారురోడ్డు ఉంది. దాని పక్కన తెల్లకాగితం ఉంది. యంత్రం తీసుకుని ఆఫీసు వెనక మైదానానికి పోయాను. రోడ్డు మీద నిలబడి, అక్కడి నుంచి గడ్డిలోకి నడిచాను. ఇరవై అడుగులు, యాభై, నూరు. తెర మీద బాణం రోడ్డు దిగలేదు. అప్పుడు, కొన్న ఏడాది తర్వాత, దాని చిన్న పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. సెట్టింగుల్లో ఒక వరుస ఉంది. మనం ఎక్కడున్నా దగ్గర్లోని రోడ్డు మీదే ఉన్నట్టు చూపించే ఏర్పాటది. కారు నడిపేవాళ్ళ సౌకర్యానికి పెట్టింది. దాని పక్కన టిక్కు ఉంది. మేం కొన్నప్పటి నుంచీ ఉంది. గౌలిపుర గల్లీలో నేను తొమ్మిది మార్కులు వేసింది ఆ టిక్కుకే.

మధ్యాహ్నం ఆఫీసరు గదిలోకి పోయి చెప్పాను. "తప్పు నాది మేడమ్. చైన్‌మన్ ఆ రోజే చెప్పాడు. నాకు అర్థం కాలేదు."

ఆవిడ షీటును తన వైపు తిప్పుకున్నారు. "ఒప్పుకున్నారు, సరే. కానీ అక్కడ నేలంతా సాపు చేసేశారు. దారి ఉండేదని దేన్ని చూపించి రుజువు చేస్తారు?"

"నా పాత డైరీ ఉంది."

"డైరీ రికార్డ్ కాదండీ."

"కాదు. కానీ అందులో రాసింది నేల మీద దొరికితే?"

ఆవిడ తల ఎత్తి, శుక్రవారం జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టారు.

శుక్రవారం బావి దగ్గర ఒకవైపు లేఅవుట్ మనుషులు, ఇంకోవైపు పాలవాళ్ళు, మధ్యలో మేం. ఎర్రమట్టి కొట్టాల నుంచి గుండు దాకా చాపలా పరిచి ఉంది. గుండు ఒక్కటే మిగిలింది, దాన్ని ఇంకా పేల్చలేదు. అన్న తన సైకిల్ మీద వచ్చాడు. నేను ముందురోజే పోయి జరిగింది ఆయనకు చెప్పాను. విని, "అట్లనా" అన్నాడంతే. ఇప్పుడు కిందికి వంగి ముందు చక్రం తిప్పి చూసి, జేబులోంచి ఆ ఎర్రగుడ్డే తీసి ముడివేశాడు. రేకు ముక్క ఫోర్కుకు అలాగే ఉంది.

ఆ చక్రాన్ని చూసి లేఅవుట్ మేస్త్రీకి నవ్వాగలేదు. "ఏంది సార్, సైకిల్ పయ్యతోని నక్షలు చేస్తున్నరా? టికెట్ పెడ్తే మస్తు జనం వస్తరు గదా!"

"నీ జేసీబీకి లెక్కలు రావు గద భాయ్, అందుకే పయ్య తెచ్చినం" అన్నాడు అన్న, తల ఎత్తకుండానే.

నేను డైరీ తెరిచి దిక్కు చెప్పాను. ఆయన తొక్కాడు. వదులు మట్టిలో టైరు కూరుకుపోతోంది. టక్. టక్. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. "సౌ!" అని కేక వచ్చింది. ఇంకో ఇరవైకి మొదటి మలుపు. దిక్కు మార్చాం. అక్కడి నుంచి తొంభైకి, అంటే బావి నుంచి రెండు వందల పదికి, పరుపు బండ మీద గిట్టల అరుగుడు ఉండాలి. అలా రాసి ఉంది. రెండు వందల పది దగ్గర ఆయన సైకిల్ ఆపాడు. తమ్ముడు పార పట్టుకుని తవ్వాడు. మోకాటి లోతు తవ్వినా మట్టే.

మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. పాలవాళ్ళలో ఎవరో ఉస్సురన్నారు. ఆఫీసరు గడియారం చూసుకున్నారు.

అన్న మాత్రం వంగి టైరు మీద బొటనవేలితో రాసి చూశాడు. "సారూ, అప్పుడు టైరు కొత్తది. గిది అరిగింది. అరిగిన చక్రం చిన్నగయితది గద, చుట్లు ఎక్కువ తిరగాలె. ఇంకో రెండు చుట్లు పోవాలె."

"రెండేనా అన్నా?"

"రెండే. రాస్కోండ్రి."

రెండు టక్కులు ముందుకు పోయి నిలబడ్డాడు. తమ్ముడు పార వేశాడు. ఖణ్‌మంది. మట్టి తోసి, బిందెడు నీళ్ళు పోసి, తువాలుతో తుడిచారు. మూడడుగుల వెడల్పున నున్నటి కాలువ, ఎండలో మెరుస్తూ. మేస్త్రీ దగ్గరికి వచ్చి దాన్ని చేత్తో తడిమి వెనక్కి పోయాడు.

ఆఫీసరు స్వయంగా టేపు పెట్టించారు. అక్కడి నుంచి మూడో దిక్కున నూట ముప్పై చుట్లు, అరిగిన టైరుకు ఇంకొకటి. గుండు పాదం దగ్గర టైరు ఆగింది. ఆవిడ తొలిసారి నవ్వి, "వెరీ గుడ్. గుండు నుంచి చెరువు దాకా?" అన్నారు.

నేను పేజీ వైపు చూశాను. అక్కడేముందో నాకు తెలుసు. ముందురోజు నుంచీ తెలుసు. ఏదో దారి తోచకపోతుందా అనుకుంటూ వచ్చాను. ఆవిడ చెయ్యి చాపారు. డైరీ ఇచ్చాను. "మిగతా దారి రేపు" అని పైకే చదివారు.

"రేపంట మేడమ్, ఇయ్యాల కాదంట!" అన్నాడు మేస్త్రీ.

గుండు అవతల రాయి లేదు, అంతా మెత్తటి నేల. జేసీబీ గోకిపారేశాక ఏ గుర్తూ మిగల్లేదు. పాలవాళ్ళు అందరూ ఒకే మాటగా చెప్పారు. ముసలాయన ఒకాయన ఏడ్చాడు కూడా. ఆవిడ అన్నీ రాసుకున్నారు. చివరికి, "చూపించినంత వరకే నేను వేయగలను" అన్నారు. ఆవిడను తప్పుపట్టలేను. నేల మీద చూడనిది కాగితం మీద వేసినవాణ్ణి నేను. ఆవిడ ఆ తప్పు చేయలేదు.

అలా షీటులో చుక్కల గీత పడింది. బావి నుంచి గుండు దాకా. అక్కడితో ఆగింది.

తిరిగి వస్తూ అన్న సైకిల్ నడిపించుకుంటూ నా పక్కనే నడిచాడు. "సగం తొవ్వతోని బర్రెలు ఏం చేస్తయి సారూ" అన్నాడు. అడిగినట్టు కాదు, తనలో తాను అనుకున్నట్టు. మళ్ళీ వానలు పడేలోపు తమ్ముడు మందను అమ్మేశాడు. ఉప్పుగూడలో చిన్న కిరాణా పెట్టుకున్నాడు.

అన్న తర్వాత కూడా మా ఇంటికి వచ్చేవాడు. ఆదివారాలు వచ్చి చాయ్ తాగి, ఏ గల్లీ ఎక్కడ మూసేశారో, ఎక్కడ కొత్తది పడిందో చెప్పి పోయేవాడు. నేనే ఉండబట్టలేక ఒకసారి అన్నాను, "ఒక్కసారైనా నన్ను తిట్టొచ్చు కదా అన్నా."

"తిడ్తే అది సుత రాస్కుంటరు. ఎందుకు లొల్లి, డైరీ సారూ."

ఆ పేరుతో పిలిచాడంటే కోపం ఉన్నట్టే కదా అని ఆ రాత్రి సంతోషపడ్డాను. ఇంత వింత సంతోషం ఇంకెవరికైనా ఉంటుందో లేదో. ఆయన పోయి రెండేళ్ళయింది.

అమ్మా, నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ. తెర అందంగా ఉన్నదని కొనకు. ఎండలో కనిపించేది, చేతి తొడుగులతో నొక్కగల బటన్లున్నది కొను. రోడ్డు మీద తిరగడానికి మ్యాపు ఉన్నది మంచిదే, దారి తప్పిపోవు. రోడ్డు దిగే ముందు మాత్రం, దగ్గరి రోడ్డుకు అతికించే ఆ టిక్కు తీసెయ్. రోడ్డు లేని చోట మ్యాపు ఖాళీగా ఉంటే కంగారుపడకు. ఖాళీ అంటే అక్కడ ఏమీ లేదని కాదు, ఇంతవరకు ఎవరూ పోయి రాసుకోలేదని. నీ గీత అది గియ్యాలి, దాని గీతలో నువ్వు నడవకూడదు. గల్లీల్లో అది తూలితే తూలనీ. ఇంకొక్క మాట. పక్కనున్న మనిషి ఏదైనా చెబితే, రాసుకునే ముందు అర్థం చేసుకో. ఒక దారి కొలవడం మొదలుపెడితే ఆ రోజే చివరిదాకా వెళ్ళు, రొట్టె ఎంత రుచిగా ఉన్నా సరే.

ఇది రాయడం మొదలుపెట్టిన మర్నాడు సైకిల్ తీసి జల్‌పల్లి వైపు పోయాను. ఈ వయసులో ఇప్పుడది కాస్త దూరమే. బావికి ఇనుప జాలీ వేశారు. కాలనీలో వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క గల్లీ తూర్పుకు పోయి, పడమరకు వంగి, మళ్ళీ తిరుగుతుంది. దానికి రెండు వైపులా ఇళ్ళు మూలలు కోసుకుని నిలబడి ఉంటాయి. గేటు ముందు మొక్కలకు నీళ్ళు పోస్తున్న ఒకాయన నేను ఆగి చూడటం గమనించి అన్నాడు.

"ఏం జూస్తున్నరు పెద్దమనిషి? గీ గల్లీ ఏ తాగుబోతు గీసిండో గని, మా ప్లాట్లన్నీ వంకర పోయినయి."

"తాగుబోతు కాదు బాబూ, బర్రెలు" అన్నాను. గేదెలు అనలేదు. ఆయనకు అర్థం కాలేదు, మొక్కల వైపు తిరిగాడు.

బావి దగ్గరికి వెనక్కి పోయి మొదటి నుంచి తొక్కాను. నా ముందు చక్రం పుల్లకు చేతిరుమాలు చింపి కట్టాను. రేకు లేదు కాబట్టి చప్పుడు లేదు, కళ్ళతో లెక్కపెట్టుకున్నాను. వంద అయినప్పుడు చుట్టూ చూసి, ఎవరూ లేరని, మెల్లగా "సౌ" అన్నాను. గల్లీ చివర గుండు లేదు, ఎప్పుడో పేల్చేశారు. అక్కడ ప్రహరీగోడ ఉంది. ముందు చక్రాన్ని గోడకు ఆనించి కాసేపు నిలబడ్డాను. అవతల చెరువు వాసన వస్తోంది.

సాయంత్రం డైరీలో రాసుకున్నాను. "బావి నుంచి గోడ వరకు 343. టైరు అరిగింది." ఆ కింద సగం పేజీ ఖాళీగా ఉంది. చెయ్యి అలవాటుకొద్దీ "మిగతా దారి" అని రాసింది. ఆ తర్వాతి మాట రాయకుండా కలం మూత పెట్టాను.